ఒక డిస్కు, నాలుగు పేర్లు

నేను సర్వర్ గదిలో పని మొదలుపెట్టింది మే నెలలో. బయట వడగాడ్పు, లోపల వణికించే చలి. ఢిల్లీ మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కేటప్పుడు నా సంచిలో మందపాటి స్వెట్టరు ఉండేది. తనిఖీ దగ్గర కూర్చున్న ఆవిడ ఒకరోజు సంచి తెరిపించి, ఆ స్వెట్టరునీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆఫీసులో ఏసీ ఎక్కువని హిందీలో చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

అప్పటికి పదేళ్లుగా నా ఉద్యోగం ప్రోగ్రాములు రాయడం. మాది కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. ఉద్యోగుల సర్వీస్ బుక్కులు మా దగ్గరే ఉంటాయి. ఒక మనిషి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా అతని బదిలీలు, ప్రమోషన్లు, సెలవులు అన్నీ ఆ పుస్తకంలోనే. కాగితాలు పాతబడి పొడిపొడి అవుతున్నాయని వాటన్నిటినీ స్కాన్ చేయించి సర్వర్‌లో పెట్టారు. కింది అంతస్తులో కౌంటర్లున్నాయి. ఎవరైనా వచ్చి తమ పుస్తకం అడిగితే, అక్కడి గుమాస్తా తెరమీద తెరిచి చూపిస్తాడు.

సర్వర్లు చూసుకునే ఆయనకు బదిలీ అయింది. కొత్త మనిషి ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. మా డైరెక్టర్ నన్ను పిలిచారు. ఆయనది కరీంనగర్ వైపు. ముప్పై ఏళ్లు ఢిల్లీలో ఉన్నా ఆయన తెలుగులో ఒక్క అక్షరం మారలేదు. మీటింగుల్లో ఇంగ్లిష్, మిగతా వాళ్లతో హిందీ, గదిలో మేమిద్దరమే ఉంటే తెలుగు.

"అమ్మా, ఇగ సర్వర్ రూమ్ నువ్వే చూస్కోవాలె," అన్నారు.

"సర్, నేనెప్పుడూ ప్రోగ్రాములే రాశానండీ. స్టోరేజీ పని నాకు రాదు."

"రాకపోతె నేర్చుకో. వచ్చినోళ్లకు పుట్టంగనె వచ్చిందా?"

నిజం చెప్పాలంటే లోపల కొంచెం సంతోషమే కలిగింది. పదేళ్లు ఒకే పని చేశాక చేతులు కొత్తదాని కోసం చూస్తుంటాయి.

సర్వర్ గదిలో అప్పటికే ఒక రాణి ఉంది. ఆఫీసులో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ దీదీ. యాభై దాటిన మనిషి, ఊరు రాజస్థాన్‌లో అల్వర్ దగ్గర, ఉండేది సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో. హోదా ప్రకారం అసిస్టెంటే అయినా పాత సర్వర్ వచ్చిన రోజు నుంచి దాని పక్కనే ఉంది. ఏ ఫ్యాను మోత మారిందో తలుపు తీయగానే చెప్పేది. నన్ను తనకు పైఅధికారిగా పెట్టడం ఆవిడకు నచ్చలేదని నాకు తెలుసు. పైకి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "అచ్ఛా, ఆప్ దేఖ్ లీజియే." చూసుకోండి అంటూ తాళాల గుత్తి నా వైపు జరిపేది. కానీ మొదటి రోజు నేను చీర కొంగు చుట్టుకుని వణకడం చూసి, సాయంత్రం తనే నన్ను సరోజినీ మార్కెట్‌కు తీసుకెళ్లింది. మే నెలలో స్వెట్టరు అడిగితే ఆ కొట్టు అతను అటకమీద మూట విప్పాల్సి వచ్చింది. ఆ స్వెట్టరే మెట్రోలో నన్ను అనుమానితురాలిని చేసింది.

జూన్‌లో కొత్త స్టోరేజీ వచ్చింది. ఫ్రిజ్‌లో సగం ఎత్తున్న నల్లటి పెట్టె. పాత డిస్కులు నిండిపోతున్నాయి కాబట్టి సర్వీస్ బుక్కులన్నిటినీ ఇందులోకి మార్చాలి. అమ్మిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. గుర్‌గావ్ వాడు, నలభై అయిదేళ్ల మనిషి, మాటకారి. రెండు రోజులు కూర్చుని పెట్టెను బిగించి, కేబుళ్లు తగిలించి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి జ్వరం వచ్చింది. మూడు రోజులు సెలవు పెట్టాను.

తిరిగి వచ్చేసరికి దీదీ మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, పని అయిపోయినట్టే. రండి, చూడండి," అంది హిందీలో.

తెరమీద కొత్త డిస్కులు నాలుగు కనిపిస్తున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు. దీదీ వాటిలో రెండింటిని ఫార్మాట్ చేసి, ఒకదానిలో పాత ఉద్యోగుల పుస్తకాలు, ఇంకోదానిలో కొత్తవాళ్లవి నకలు చేయడం మొదలుపెట్టింది. మూడో రోజుకి చాలా భాగం అయిపోయింది. ఇరవై ఏళ్లుగా ఏ డిస్కు వచ్చినా ఆవిడ చేసింది అదే. ఒక్కసారీ తప్పు జరగలేదు.

డైరెక్టర్‌గారు కూడా అప్పుడే చూడటానికి వచ్చారు. తెరమీద నాలుగు పేర్లు చూసి నా వైపు తిరిగారు.

"ఏందమ్మా, మనం ఆర్డర్ పెట్టింది ఒక్క డిస్కు కదా? ఒకటి అడిగితె నాలుగు పంపిండ్రా?"

నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆర్డరు కాగితం నిజంగానే ఒక్క డిస్కని చెబుతోంది. పెద్దది, ఒక్కటి.

నకలు చేసిన పుస్తకం ఒకటి తెరిచాను. మొదటి రెండు పేజీలు బాగానే ఉన్నాయి. మూడో పేజీ సగం నుంచి బూడిద రంగు. ఇంకోటి తెరిచాను. అది ఎవరో డ్రైవరు పుస్తకం, మధ్యలో ఒక స్టెనోగ్రాఫర్ సెలవుల పేజీ ఉంది. మూడోది తెరుచుకోనే లేదు. తెరమీద ఎర్ర అక్షరాలతో వరసగా తప్పులు వస్తున్నాయి. దీదీ నా భుజం మీదుగా చూస్తోంది.

"నకలు ఆపేద్దాం దీదీ," అన్నాను.

ఆవిడ వెంటనే ఆపేసింది.

నేను నాలుగు డిస్కుల పరిమాణాలు రాసుకున్నాను. చివరి అంకె దాకా నాలుగూ ఒకటే. ప్రతి డిస్కుకూ తయారైనప్పుడే వచ్చే ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, మన వేలిముద్ర లాంటిది. దాన్ని అడిగే చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది. నాలుగింటినీ అడిగాను. నాలుగూ ఒకే సంఖ్య చెప్పాయి. అప్పటిదాకా మాన్యువల్‌లో మల్టీపాత్ అన్న మాట ఎన్నోసార్లు కంటబడినా పేజీ తిప్పేసిన దాన్ని, ఆ మధ్యాహ్నం ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను.

విషయం చాలా తేలిక. సర్వర్ నుంచి స్టోరేజీకి ఒకే కేబుల్ ఉంటే, అది తెగిన రోజు అన్నీ ఆగిపోతాయి. అందుకని సర్వర్‌కు కేబుల్ తగిలించే పోర్టులు రెండు, మధ్యలో ఆ కేబుళ్లను కలిపే స్విచ్చులనే డబ్బాలు రెండు, పెట్టెలో డిస్కును నడిపే కంట్రోలర్లు రెండు పెడతారు. ఒక్కో పోర్టు నుంచి రెండు కంట్రోలర్లకూ వెళ్లొచ్చు కాబట్టి మొత్తం నాలుగు దారులు. ఉన్నది ఒకే డిస్కు. కానీ సర్వర్‌కు ఎవరూ చెప్పకపోతే, ఒక్కో దారి చివర ఒక్కో డిస్కు ఉందనుకుంటుంది. దానికి నాలుగు పేర్లు పెడుతుంది. దీదీ రెండు పేర్లను నమ్మి, ఒకే డిస్కును రెండుసార్లు ఫార్మాట్ చేసి, రెండు వైపుల నుంచి రాసింది. ఒకదాని మీద ఇంకోటి పడింది.

డైరెక్టర్‌గారి గదిలో కాగితం మీద గీసి చూపించాను.

"మా ఇంటికి మెట్రోలో రావచ్చు, బస్సులో రావచ్చు, ఆటోలో రావచ్చు, కారులో రావచ్చు సర్. ఎలా వచ్చినా ఇల్లు ఒకటేగా? సర్వర్ నాలుగిళ్లు అనుకుంటోంది."

"అచ్ఛా. ఇప్పుడు సమజైంది," అన్నారాయన. తర్వాత గొంతు మారింది. దీదీ కూడా ఉంది కాబట్టి హిందీలోకి మారారు. "ఆ నకలు ఎవరు మొదలుపెట్టారు?"

నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఈలోగా దీదీ ఒక అడుగు ముందుకు వేసింది.

"మైఁనే కియా, సర్," అంది. నేనే చేశానని.

డైరెక్టర్‌గారు ఆవిడ వైపు తిరిగారు.

"అసలు పుస్తకాలు?" అడిగారు.

"పాత సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి సర్. ఒక్కదాన్నీ తీసేయలేదు. నకలు సరిచూసుకోకుండా అసలుది ఎప్పుడూ తీయను," అంది దీదీ. ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ తల ఎత్తింది.

"తో ఠీక్ హై," అన్నారాయన. నా వైపు తిరిగి తెలుగులో, "పోయింది మూడు దినాల పని, గంతె. ఇగ నువ్వు మంచిగ చేసి చూపియ్యి," అన్నారు.

కిందికి దిగి టీ తెచ్చుకున్నాం. దీదీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. చివరికి, ఇన్నేళ్లలో ఒక్క ఫైలు పోగొట్టలేదు మేడమ్, అంది.

"దీదీ, ఆ మూడు రోజులు సెలవు పెట్టకుండా నేనే ఆ కుర్చీలో కూర్చున్నా ఇదే చేసేదాన్ని," అన్నాను.

ఓదార్పుకి అన్న మాట కాదది. మల్టీపాత్ గురించి నేను చదివింది ఆ మధ్యాహ్నమే. ఆవిడకు ఆ సంగతి అర్థమైనట్టుంది. టీ పూర్తి చేసి, "నాకూ చదివి చెప్పండి," అంది. ఆ రోజు నుంచి తాళాల గుత్తి నా వైపు జరపడం మానేసింది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.

తర్వాతి రెండు రోజులు నాకు చాలా ఇష్టమైన రోజులు. ముందు పాడైన నకలంతా తుడిచేశాం. సర్వర్‌లో మల్టీపాత్ సేవ అప్పటికే ఉంది, నడవడం లేదంతే. దాన్ని నడిపించి, దాని సెట్టింగుల ఫైలు తెరిచాను. మొదట రాయాల్సింది ఏది వదిలేయాలో. సర్వర్ సొంత డిస్కు దాని లోపలే ఉంటుంది, దానికి దారి ఒకటే, దాని జోలికి వెళ్లొద్దని రాశాను. తర్వాత మన పెట్టె తయారీదారు సిఫారసు చేసిన వరసలు. ఒక దారి పోయిందని ఎలా గుర్తించాలి, బాగయ్యాక తిరిగి ఎప్పుడు వాడుకోవాలి, అన్ని దారులూ ఒకేసారి పోతే ఎంతసేపు ఓపిక పట్టాలి. ప్రతి వరస రాసే ముందు దాని అర్థం దీదీకి హిందీలో చెప్పేదాన్ని. హిందీలో చెప్పలేకపోయిన చోట నాకూ సరిగ్గా అర్థం కాలేదని తెలిసిపోయేది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివేదాన్ని. అలా చదివినందువల్లే ఆ ఫైలులో ఒక్క వరస కూడా గుడ్డిగా రాయలేదని ఈ రోజుకీ ధైర్యంగా చెప్పగలను.

నాలుగు దారులనూ కలిపి ఒకే డిస్కుగా చూపించే పేరు ఒకటి పెట్టాలి. సర్వర్ తనంతట తాను పెట్టే పేరు నోరు తిరగనిది.

"సర్వీస్‌బుక్ అని పెట్టండి. రేపు మనం లేకపోయినా చూసినవాళ్లకి అర్థమవుతుంది," అంది దీదీ.

అదే పెట్టాను. ఇకమీదట ఏ నకలైనా, ఏ ప్రోగ్రామైనా ఈ పేరుతోనే డిస్కును పిలవాలి. ఆ నాలుగు పాత పేర్లు ఎవరూ ముట్టుకోకూడదు. సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడిపించాం. జాబితా అడిగితే పైన ఒకే పేరు, దాని కింద నాలుగు వరసలు, నాలుగింటి పక్కనా పనిచేస్తోందన్న మాట. దీదీ తెరమీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టింది. గురువారానికి నకలు మళ్లీ మొదలైంది. యాదృచ్ఛికంగా ఏరిన పుస్తకాలు తెరిచి, అసలు వాటితో పేజీ పేజీ పోల్చాం. ఎక్కడా తేడా లేదు.

శుక్రవారం గుర్‌గావ్ ఇంజనీరు సంతకాల కోసం వచ్చాడు. పని పూర్తయిందన్న కాగితం మీద నేను సంతకం పెట్టాలి.

"ముందు పరీక్ష చేద్దాం. కేబుళ్లు పీకి చూడాలి," అన్నాను.

"మేడమ్, చార్ పాత్ దిఖ్ రహే హైఁ న? బస్," అన్నాడు. నాలుగూ కనిపిస్తున్నాయి కదా, ఇంకేం కావాలన్నట్టు.

"కనిపించడం వేరు సర్. ఒకటి పోయినప్పుడు మిగతావి మోయడం వేరు."

అతను డైరెక్టర్‌గారి వైపు చూశాడు. ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుడు? ఏమన్న అయితె ఎవరు జవాబు చెప్పాలె?"

నాకు ఏమాత్రం భయం వేయలేదు. ఆ ఫైలులో ప్రతి వరసా నాకు తెలుసు.

"సర్, ఏదో ఒక రోజు ఒక కేబుల్ పోతుంది. ఆ రోజు ఎప్పుడో మన చేతిలో లేదు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉండగా పోవచ్చు. పరీక్ష రోజు మాత్రం మన చేతిలో ఉంది. రేపు శనివారం, కౌంటర్లు మూసి ఉంటాయి. పాత సర్వర్ ఇంకా నడుస్తోంది. ఇంతకంటే మంచి రోజు మళ్లీ రాదండీ."

ఆయన గడ్డం రుద్దుకున్నారు. "సరె. పదకొండింటికి. నేను గూడ ఒస్త."

శనివారం పొద్దున నేను తయారవుతుంటే మా అమ్మాయి మంచం మీద నుంచే, ఈ రోజు సెలవు కదా అని అడిగింది.

"మమ్మా, ఆజ్ తో ఛుట్టీ హై న?"

"కేబుల్ పీకడానికి వెళ్తున్నా."

"క్యోఁ? ఖరాబ్ హై క్యా?"

"పాడవలేదు. బాగుందో లేదో తెలుసుకోవడానికి."

పిల్ల దుప్పటి ముఖం మీదకు లాక్కుంది. పెద్దవాళ్ల పనులు తనకి అర్థం కావు, ఆ రోజు అర్థం చేసుకునే ఓపికా లేదు.

సర్వర్ గదిలో నలుగురం. డైరెక్టర్‌గారు ఎవరిదో శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. నేను ఒక పెద్ద నకలు పని మొదలుపెట్టాను, తెరమీద అంకెలు పరుగెడుతున్నాయి. పక్క తెరమీద నాలుగు వరసలు. పెట్టెలన్నీ బిగించిన ఇనప చట్రం, ర్యాక్ వెనక దీదీ నిలబడింది. కేబుల్ తనే పీకుతానంది, ఇవ్వనంటే ఊరుకునేలా లేదు.

"పీకండి దీదీ."

టక్‌మన్న శబ్దం. నాలుగు వరసల్లో రెండు 'విఫలం' అని మారాయి. అంకెలు ఆగిపోయాయి. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఆరు దాకా వచ్చేసరికి అంకెలు మళ్లీ పరుగెత్తాయి.

"ఆగింది గద!" అన్నారు డైరెక్టర్‌గారు.

"దారి మార్చుకోవడానికి ఆగిందండీ. ఒక్క ఫైలు కూడా పోలేదు, చూడండి."

కేబుల్ తగిలించగానే రెండు వరసలూ తిరిగి వచ్చాయి. రెండో కేబుల్ పీకాం. అదీ అంతే. దీదీ ర్యాక్ వెనక నుంచి తల బయటపెట్టి, "హో గయా?" అంది, అయిపోయిందా అన్నట్టు. గొంతులో ఇన్నాళ్ల తర్వాత పాత ధీమా.

"ఇప్పుడు స్విచ్చులు," అన్నాను.

ర్యాక్‌లో స్విచ్చులు రెండు, ఒకదాని కింద ఒకటి. ఒకటి పూర్తిగా చచ్చిపోయినా రెండోది మోయాలి. ముందు కింది స్విచ్చు కరెంటు తీయించాను. అంకెలు క్షణం కూడా ఆగలేదు. నాలుగు వరసలూ చెక్కుచెదరలేదు.

"దేఖా మేడమ్?" అన్నాడు ఇంజనీరు. "ఏమీ కాలేదు."

డైరెక్టర్‌గారు లేవబోయారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఏమీ కాకపోవడమే తప్పు. కింది స్విచ్చు గుండా రెండు దారులు వెళ్తుంటే, అది ఆగిపోయినప్పుడు రెండు వరసలు పోవాలి. ఒక్కటీ పోలేదంటే దాని గుండా ఏ దారీ వెళ్లడం లేదన్నమాట.

"సర్, ఒక్క నిమిషం కూర్చోండి," అన్నాను. ఇంజనీరు వైపు తిరిగి, "కిందిది వేయకండి. పైది ఆపండి," అన్నాను.

అతను కదల్లేదు. "మేడమ్, ఉస్‌కో రహనే దీజియే," అన్నాడు మెల్లగా. దాన్ని అలా ఉండనివ్వండి.

ఆ ఒక్క మాటతో నాకు విషయమంతా తెలిసిపోయింది. నేను ర్యాక్ వెనక్కి వెళ్లి, సర్వర్ నుంచి బయలుదేరిన కేబుల్‌ను వేళ్లతో పట్టుకుని వెంట వెళ్లాను. అది పై స్విచ్చులోకి వెళ్లింది. రెండోది పట్టుకున్నాను. అదీ పై స్విచ్చులోకే. పెట్టె నుంచి వచ్చిన కేబుళ్లన్నీ కూడా అక్కడికే. కింది స్విచ్చు ముందు దీపాలు వెలుగుతాయి, కానీ దానికి ఒక్క కేబులూ తగిలించి లేదు. పోర్టులు రెండు, కంట్రోలర్లు రెండు కాబట్టి నా జాబితాలో దారులు నాలుగే కనిపించాయి. ఆ నాలుగూ ఒకే స్విచ్చు గుండా వెళ్తున్నాయన్న సంగతి జాబితా చెప్పదు.

వెనక నుంచి వచ్చి నేనే పై స్విచ్చు కరెంటు తీశాను. కావాలనే తీశాను. మాటలతో చెబితే సోమవారానికి మరిచిపోతారు. అంకెలు ఆగాయి. నాలుగు వరసలూ ఒక్కసారిగా విఫలమన్నాయి. ఈసారి ఎంత లెక్కపెట్టినా ఏదీ కదల్లేదు.

డైరెక్టర్‌గారు లేచి తెర దగ్గరికి వచ్చారు. చాలాసేపు చూశారు.

"ఇంక ఈ కింది డబ్బా ఎందుకు? దీపాలు చూసి మురుస్కోనీకా?" అని తెలుగులోనే అన్నారు. ఇంజనీరుకు భాష రాకపోయినా భావం చేరింది.

అతను దాచలేదు. కింది స్విచ్చు సెట్టింగులు తర్వాత చేద్దామనుకున్నానని, అదే రోజు ఇంకో చోటి నుంచి అత్యవసరమని ఫోన్ వస్తే వెళ్లిపోయానని, నాలుగు దారులు కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరనుకున్నానని చెప్పాడు. చెబుతూ చొక్కా చేతులు మడిచాడు. "ఆజ్ హీ కర్ దేతా హూఁ," అన్నాడు. ఆ రోజే చేసి ఇస్తానని.

పై స్విచ్చు మళ్లీ వేశాక దారులు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి, ఆగిన నకలు ఆగిన చోటి నుంచే కదిలింది. అన్ని దారులూ పోయినప్పుడు ఓపిక పట్టమని మేం రాసిన వరస అక్కడ పనిచేసింది. దీదీ దాన్ని గుర్తుపట్టి నా చెయ్యి గిల్లింది.

ఇంజనీరు నేలమీద చతికిలబడి పని మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, పనిమంతుడు కూడా. సగం కేబుళ్లు విప్పి కింది స్విచ్చుకు మార్చాడు, దాని సెట్టింగులు పూర్తి చేశాడు, అడగకుండానే ప్రతి కేబుల్ రెండు చివర్లా చీటీలు అంటించాడు. క్యాంటీన్ మూసి ఉంది. దీదీ ఇంటి నుంచి తెచ్చిన ఆలూ పరాఠాలు, మామిడి ఆచార్ నలుగురం బయట మెట్ల దగ్గర నిలబడి తిన్నాం. డైరెక్టర్‌గారు రెండు తిని మూడోది కూడా తీసుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ మొదటి నుంచి పరీక్ష. కేబుళ్లు ఒక్కొక్కటీ. తర్వాత కింది స్విచ్చు: రెండు వరసలు పోయాయి, చిన్న విరామం, నకలు సాగింది. అది వేసి పై స్విచ్చు: మిగతా రెండు పోయాయి, మళ్లీ అదే విరామం, మళ్లీ సాగింది. రెండు వరసలు పోవడం చూసి సంతోషించిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నేనేమో అనుకున్నాను. చూస్తే దీదీ కూడా నవ్వుతోంది. అప్పుడు సంతకం పెట్టాను.

ఇంజనీరు వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "మేడమ్, నేను పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నా. ఎవరూ స్విచ్చు ఆపమని అడగరు."

"ఇకమీదట అడగకపోయినా మీరే ఆపి చూపించండి," అన్నాను. తల ఊపాడు.

సోమవారం డైరెక్టర్‌గారు పిలిచి, జరిగిందంతా ఒక పేజీలో రాసివ్వమన్నారు. కంప్యూటర్ రానివాళ్లు చదివినా అర్థం కావాలన్నారు. ఏం చేశామో, ఏం తప్పు జరిగిందో, ఎలా తెలిసిందో రాశాను. దీదీ విషయం రాయాల్సి వచ్చినప్పుడు పెన్ను ఆగింది. ఆవిడే నా పక్కకు వచ్చి, "రాయండి. రేపు ఇంకొకరు ఇదే చేయకూడదు కదా," అంది. ఆవిడ పేరు లేకుండా తప్పు మాత్రం రాశాను. ఒకే గుర్తింపు సంఖ్య ఉన్న డిస్కులు కనిపిస్తే ముట్టుకోవద్దు అని. నా తప్పు కూడా రాశాను: దారులు లెక్కపెట్టి ఊరుకోవద్దు, ఒక్కో కేబుల్‌ను చేత్తో పట్టుకుని చివరి దాకా వెళ్లి చూడండి అని. హిందీ ప్రతి దీదీ రాసింది. నా ఇంగ్లిష్ కంటే అదే బాగుంది.

ఆ శీతాకాలంలో, ఒక మధ్యాహ్నం భోజనం వేళ దాటాక నా ఫోన్‌కు సర్వర్ నుంచి హెచ్చరిక సందేశం వచ్చింది. రెండు దారులు పోయాయి. సర్వర్ గదికి పరుగెత్తాను. పై స్విచ్చు దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. దానిలో కరెంటు ఇచ్చే భాగం కాలిపోయిందని తర్వాత తేలింది. జాబితాలో రెండు వరసలు విఫలం, రెండు పనిచేస్తున్నాయి. కౌంటర్లు ఎలా ఉన్నాయో చూద్దామని కిందికి దిగాను. మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన తన సర్వీస్ బుక్ తెరమీద చూస్తూ, గుమాస్తాకు ఏదో పాత పోస్టింగు గురించి ఉత్సాహంగా చెబుతున్నాడు. గుమాస్తా పేజీలు తిప్పుతున్నాడు. పక్క కౌంటర్ దగ్గర ఎవరో ఫారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. ఏ తెరా ఆగలేదు. ఎవరికీ ఏమీ తెలియలేదు.

మెట్ల దగ్గర డైరెక్టర్‌గారు ఎదురయ్యారు. ఆయనకీ సందేశం అందినట్టుంది, కొంచెం ఆయాసపడుతున్నారు.

"ఏమైందమ్మా? బందయిందా?"

"స్విచ్చు ఒకటి పోయింది సర్. పని నడుస్తోంది."

ఆయన కౌంటర్ల వైపు ఒకసారి తొంగి చూశారు. ఆ పెద్దాయన నవ్వడం వినిపించింది. "మంచిగ చేసినవ్," అని, ఇంకేమీ అనకుండా పైకి వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నేను మెట్లమీద ఒక నిమిషం అలాగే నిలబడ్డాను.

గుర్‌గావ్ ఇంజనీరు మర్నాడు కొత్త స్విచ్చుతో వచ్చాడు. చీటీలు చూసి ఏ కేబుల్ ఎక్కడో అడగకుండానే తగిలించాడు. పని పూర్తయ్యాక, మేం నోరు విప్పకముందే, తనే దాని కరెంటు ఒకసారి తీసి మళ్లీ వేసి చూపించాడు. దీదీ తెర దగ్గర కూర్చుని వరసలు లెక్కపెట్టి, తన చేత్తోనే రిజిస్టర్‌లో ఆ రోజు తేదీ వేసి, నాలుగూ సరిగ్గా ఉన్నాయని హిందీలో రాసింది.